ఇళ్ల మధ్య హాస్టళ్లు, పొంగే మ్యాన్‌హోల్: ఏ పత్రాలు అడగాలి?

మాది హైదరాబాద్ పడమటి శివారు కాలనీ. పక్కనున్న ప్రైవేటు విశ్వవిద్యాలయం సీట్లు పెంచింది గానీ ఆవరణలో హాస్టల్ గదులు పెంచలేదు. దాంతో చుట్టూ రెండంతస్తుల ఇళ్లు పడగొట్టి ఐదంతస్తుల హాస్టళ్లు లేపుతున్నారు. ఒక కుటుంబం ఉన్న చోట ఇప్పుడు అరవై, డెబ్బై మంది. పిల్లల తప్పేమీ లేదు, ఇరుకు గదుల్లో వాళ్లూ అవస్థ పడుతున్నారు.

ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది వరకు వీధి మలుపులో మ్యాన్‌హోల్ పొంగి, మురుగు గేట్ల దాకా వస్తుంది. మధ్యాహ్నానికి తగ్గుతుంది. సెలవుల్లో అసలు పొంగదు. అంటే చెత్త అడ్డుపడి కాదు, ఇళ్ల లెక్కన వేసిన గొట్టం చాలకే. ఫిర్యాదు చేస్తే యంత్రంతో శుభ్రం చేసి 'పరిష్కారమైంది' అని మూసేస్తారు. వారం తిరక్కుండా మళ్లీ అదే. బయటి హాస్టళ్లతో తమకు సంబంధం లేదని విశ్వవిద్యాలయం వారు అన్నారు. సమాచార హక్కు చట్టం కింద హాస్టళ్ల అనుమతుల వివరాలు అడిగితే, 30 రోజుల గడువు దాటాక 'కోరిన సమాచారం స్పష్టంగా లేదు' అని అధికారులు జవాబిచ్చారు.

మళ్లీ దరఖాస్తు పెట్టబోతున్నాం. నివాసానికి అనుమతి తీసుకున్న భవనంలో హాస్టల్ నడుపుతున్నారని రుజువు కావాలంటే ఏ పత్రాలను పేరుపెట్టి అడగాలి?