గోడల్లేని ఇంట్లో మూడు రాత్రులట: సమోవా పల్లెకు వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

బైరాగిపట్టెడ, తిరుపతి నుంచి:

మా అమ్మాయి న్యూజిలాండ్‌లో, ఆక్లండ్‌లో ఉంటుంది. మే నెలలో మమ్మల్ని రమ్మంటోంది. అక్కణ్ణుంచి సమోవాకు తీసుకెళ్తుందట, పసిఫిక్ సముద్రంలో దీవుల దేశం అది. దాంతో పనిచేసే అమ్మాయిది సవాయి దీవిలో సముద్రం ఒడ్డున పల్లె. హోటల్ వద్దు, మా ఇంట్లోనే ఉండాలని ఆ పిల్ల పట్టుబట్టిందంట. ఫోటో పంపింది. చుట్టూ స్తంభాలు, పైన కప్పు, గోడ మాత్రం ఒక్కటీ లేదు. మా ఆయన చూసి "ఇది మంటపం కదా, ఇల్లేదీ?" అన్నాడు.

నా అనుమానాలు ఇవీ. చీర ఎక్కడ మార్చుకోవాలి? రాత్రి నిద్ర పడుతుందా? మా ఆయన గుడ్డు కూడా ముట్టడు, ఏం తింటాడు? నాకు మోకాళ్ల నొప్పి. కింద కూర్చుంటాను గానీ, లేవాలంటే గోడ పట్టుకోవాలి. అక్కడేమో గోడలే లేవు! వాళ్లకు ఏం తీసుకెళ్తే బాగుంటుందో కూడా చెప్పండి.

గిరింపేట, చిత్తూరు (బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను):

అమ్మా, మా అబ్బాయి ఉండేదీ ఆక్లండే. పక్కింటివాళ్లు సమోవావాళ్లు. వాళ్ల నాన్నను చూడ్డానికి పోతూ మమ్మల్ని కూడా సవాయికి తీసుకెళ్లారు. నాలుగు రాత్రులు ఉన్నాం.

ఆ ఇంటిని ఫాలే అంటారు. స్తంభాల మధ్య కొబ్బరాకులతో అల్లిన తెరలు పైకి చుట్టి కట్టి ఉంటాయి. వాన వచ్చినా, రాత్రి చలిగాలి కొట్టినా దించేస్తారు. మా వాళ్లకు వెనకాల సిమెంటు గది ఒకటి, బాత్రూమ్ ఉన్నాయి, మా ఆవిడ చీర మార్చుకునేది అక్కడే. మీరు పోయే ఇంట్లో ఎట్లుందో అమ్మాయిని ముందే అడగమనండి. దోమతెర వాళ్లే కట్టారు. మనం మాత్రం దోమల క్రీము మరిచిపోకూడదు, పగలు కూడా పూసుకోవాలి. నిద్ర చెడగొట్టింది గోడలు లేకపోవడం కాదు, కోళ్లు. మూడింటికే మొదలుపెడతాయి.

ఇక నేను చేసిన తప్పు చెప్తా, మీరు చేయొద్దు. మొదటి రోజు సాయంత్రం ఆరు దాటింది. ఒక్కణ్ణే రోడ్డు మీద నడుస్తున్నా. ఎక్కడో శంఖం ఊదారు. ఏదో పూజ అనుకుని, వీడియో తీద్దామని ఫోన్ పట్టుకుని ఆ శబ్దం వైపే పోయాను. లుంగీ కట్టుకున్న కుర్రాడు, నా కంటే అడుగు ఎత్తు ఉంటాడు, అడ్డం వచ్చి అరచేయి కిందికి చూపించాడు. కూర్చో అని. సీమపనస చెట్టు కింద రాయి మీద కూర్చున్నా. పదిహేను నిమిషాలు రోడ్డు మీద ఒక్క మనిషి లేడు, బండి లేదు. ప్రతి ఇంట్లోంచీ పాట వినిపిస్తోంది, ప్రార్థన. మళ్లీ శంఖం ఊదాక ఆ కుర్రాడే నవ్వుతూ లేపి ఇంటిదాకా దిగబెట్టాడు.

దాన్ని 'సా' అంటారట. మన గంగ జాతరకు చాటింపు వేశాక ఊరు దాటకూడదంటారు చూడండి, అట్లాంటి కట్టు. కాకపోతే అక్కడ రోజూ. కాపలా కాసేది ఊరి కుర్రాళ్లే. ఊరి పెద్దలను మతాయి అంటారు, వాళ్ల సభ ఫోనో. కట్టు తప్పితే ఫోనో ఆ ఇంటికి జరిమానా వేస్తుంది, పందుల లెక్కలో కూడా. నాకేం కాలేదు గానీ, మేమున్న ఇంటి పెద్దాయన మర్నాడు నలుగురికీ సంజాయిషీ చెప్పుకుంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

గోడలు లేవని లోపలికి తొంగి చూడడం, ఇంటి మధ్యలోంచి నడిచిపోవడం చేయకూడదు. కూర్చున్నవాళ్ల ముందు నుంచి పోవాలంటే నడుం వంచి 'తులో' అనాలి. నిలబడి మాట్లాడకూడదు, కూర్చోవాలి. కాళ్లు ఎవరివైపూ చాపకూడదు. మీకు మోకాళ్లు నొప్పి కాబట్టి చాపక తప్పకపోతే పైన ఒక గుడ్డ కప్పుకోండి, ఎవరూ తప్పు పట్టరు. ఇళ్ల ముందరే పెద్దల సమాధులు ఉంటాయి, టైల్స్ వేసి శుభ్రంగా. వాటి మీద సంచీ పెట్టకండి. బీచ్ కూడా ఆ ఊరిదే, పక్క ఊరి బీచ్‌కు పోతే అడిగి, వాళ్ల రుసుము కట్టి దిగాలి.

ఒక్క మాట, నా పిచ్చి నాది: బస్సులు చూడండి. కర్ర బాడీ, రంగురంగుల బొమ్మలు, నిండిపోతే ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుంటారు. 2009 సెప్టెంబర్ 7న ఆ దేశంలో బండ్లు నడపడం రోడ్డు కుడి పక్క నుంచి ఎడమ పక్కకు మారింది, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా నుంచి చవకగా కార్లు తెచ్చుకోవచ్చని. ఉన్న బస్సుల తలుపులన్నీ నడిరోడ్డు వైపుకు పడ్డాయి! ఒక డిపోలో అన్ని బస్సులకూ తలుపు ఇటు నుంచి అటు మార్చాలంటే ఎంత పనో నాకు తెలుసు.

తిరుచానూరు నుంచి:

తిండి సంగతి నేను చెప్తాను, రెండేళ్లు సమోవా రాజధాని అపియాలో ఉన్నాం. చేమగడ్డలు, సీమపనస, అరటికాయలు, వీటికి కొదవ లేదు. పలుసామి అని చేస్తారు. లేత చేమాకుల్లో చిక్కటి కొబ్బరిపాలు పోసి, మూటకట్టి, కాలిన రాళ్ల మీద మగ్గబెడతారు. మన చేమాకు పులుసు తిన్న నోటికి వెంటనే నచ్చుతుంది. కానీ కొందరు అందులో డబ్బా మాంసం కలుపుతారు, పైగా అదే పొయ్యిలో చేప, పంది కూడా ఉడుకుతాయి. ఆ పొయ్యి పేరు ఉము. మీ ఆయనకు ఇవి కుదరకపోతే ముందే చెప్పించండి, విడిగా చేస్తారు. అక్కడికి పోయి ఆకు ముందు కూర్చున్నాక వద్దంటే వాళ్లు నిజంగా బాధపడతారు.

ఆవకాయ, లడ్డు సంచిలో వేసుకుంటే న్యూజిలాండ్‌లో దిగేటప్పుడు డిక్లరేషన్‌లో తప్పకుండా రాయండి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు కట్టించుకుంటారు. లడ్డులో నెయ్యి ఉంది, దాన్ని రానిస్తారన్న భరోసా లేదు.

అందుకే తినేవి వద్దు, కాళహస్తి కలంకారీ గుడ్డ పట్టుకెళ్లండి. వాళ్లూ చెట్టు బెరడు కొట్టి, పలచగా గుడ్డలా చేసి, దాని మీద చేత్తో బొమ్మలు వేస్తారు, సియాపో అంటారు. మా ఇంటి ఓనరమ్మ మా కలంకారీని వెనక్కి తిప్పి, రంగు ఎంత దిగిందో గోటితో గీకి చూసింది.

బైరాగిపట్టెడ:

ఇద్దరికీ చాలా థాంక్స్. కలంకారీ ఖాయం, కాళహస్తికి ఈ వారమే పోతాం. ఇంకో టెన్షన్. మేముండే రోజుల్లో ఆదివారం పడుతోంది. చర్చికి అందరూ తెల్లబట్టలతో పోతారు, మీరూ రండి అని ఆ పిల్ల అంటోందట. వెళ్లడానికి ఏమీ లేదు గానీ, పసుపుకుంకుమలతో ఉన్నదాన్ని, తెల్లచీర ఎట్లా కట్టేది?

గిరింపేట, చిత్తూరు:

మా ఆవిడా సరిగ్గా ఇదే గొడవ పెట్టింది. చివరికి మీగడ రంగు వెంకటగిరి చీర, ఎర్రంచుది కట్టుకుని పోయింది. చర్చిలో ఆడవాళ్లంతా దాని జరీ పట్టుకుని చూసేవాళ్లే. పాస్టర్ మాట్లాడుతున్నా వదల్లేదు.