పేటలోని కాటలాన్ హోటల్లో బొగ్గుల పొయ్యి ఉండాలా, తీసేయాలా?

సాంట్స్‌వాసి
బార్సిలోనాలో సాంట్స్ పేటలో ఉంటాను. మా వీధి మలుపులో పాత కాటలాన్ హోటల్, అంటే ఈ కాటలోనియా ప్రాంతపు వంటలు చేసే హోటల్, ఒకటుంది, పేరు రాయను. గది చివర ఇటుకల పొయ్యి, దానిమీద ఇనుప జాలీ. ఎక్కడ కూర్చున్నా నిప్పు కనిపిస్తుంది. బుటిఫర్రా అనే పంది మాంసం సాసేజీ, పక్కన తెల్ల చిక్కుడు గింజలు, గొర్రెపిల్ల పక్కటెముకలు, చలికాలమైతే కల్సోట్లు, అంటే కాల్చిన లేత ఉల్లికాడలు. పేటవాళ్లంతా అక్కడే తింటారు, టూరిస్టులు తక్కువ.

పై ఇళ్లవాళ్లు పొగ భరించలేకపోతున్నామని సంతకాల కాగితం తిప్పుతున్నారు. బొగ్గుల పొయ్యి తీసేసి మూత ఉన్న ఓవెనో, కరెంటు గ్రిల్లో పెట్టాలట. నన్నూ సంతకం అడిగారు. నాకు మనసొప్పడం లేదు. ఆ పొయ్యి తీసేస్తే మిగిలేది నాలుగు బల్లలు, ఒక బిల్లు పుస్తకం. మీరేమంటారు?

పైఅంతస్తు
మీరు కింద తింటారు, మేం పైన పడుకుంటాం. తేడా అక్కడే ఉంది. నేను ఈ ఊళ్లోనే గ్రాసియా పేటలో ఇలాంటి హోటల్ పైనే ఉంటున్నాను. ఇక్కడి పాత భవనాలకు మధ్యలో బావిలాంటి ఖాళీ ఉంటుంది కదా, వంటింటి కిటికీ, బాత్రూం కిటికీ అందులోకే తెరుచుకుంటాయి, బట్టలూ అక్కడే ఆరేస్తాం. పొగ అందులోకి దూరిందంటే బయటికి పోదు. రాత్రి తొమ్మిదికి వీళ్ల భోజనాలు మొదలవుతాయి, పదకొండున్నర దాకా కొవ్వు మాడిన వాసనే. మా అమ్మాయికి ఉబ్బసం. ఎండాకాలం కూడా కిటికీలు మూసుకునే పడుకుంటుంది.

గాలిలో సన్నని ధూళి, అదే పీఎం 2.5, ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. పాత కార్లు తిరగొద్దని ఈ ఊళ్లో 2020 జనవరి నుంచే ఆంక్షలున్నాయి. కారుకో న్యాయం, పొయ్యికో న్యాయమా?

నిప్పుదగ్గర
సాంట్స్ అన్నా, నేను కాటలోనియాలనే లేయిదా అనే ఊరి దిక్కు ఒక మాంసం హోటల్ల బొగ్గుల పొయ్యి కాడ పనిచేసిన. తినేటోళ్లకు మంట కనవడ్తది గానీ అసలు వంట మంట మీద గాదు. పొద్దుగాల బొగ్గు అంటువెట్టి ఇడిసిపెడ్తం. నల్లగున్నప్పుడు దాని మీద ఏం వెయ్యం. తెల్ల బూడిద పొర ఎక్కినంక ఇనుప పారతోని ముందుకు గుంజి పరుస్తం, ఒక దిక్కు మందంగ, ఇంకో దిక్కు పల్చగ. పక్కటెముకలు మందం దిక్కు. బుటిఫర్రా పల్చ దిక్కే. దానికి తొందర పెడితె తోలు పగుల్తది, కొవ్వు నిప్పుల మీద కార్తది, భగ్గుమని లేస్తది. మీ ఇండ్లల్లకు వచ్చే పొగ శానామటుకు గదే. మంచిగ కాలిన బొగ్గుకు పొగ తక్కువ. రాత్రంత పొగ వస్తున్నదంటె ఆ వంటాయన నిప్పు తయారుగాక ముందే మాంసం ఏస్తున్నడు, లేకుంటె పొగగొట్టం సక్కగ లేదు.

మూత ఓవెన్ మీద గూడ చేసిన. జోస్పర్ అంటరు. బార్సిలోనాకు ఉత్తరాన సముద్రం ఒడ్డుకు పినేదా దె మార్ అని ఊరున్నది, ఆ కంపెనీ 1969ల ఆడనే పుట్టింది. అంటే గది గూడ కాటలాన్లదే, పరాయిది గాదు. బొగ్గు తక్కువ వడ్తది, మన మొకం కాలది. పెద్ద మాంసం ముక్కకు మస్తుంటది. కల్సోట్లు మాత్రం అండ్ల సరిగ రావు.

రసాయనం_చదివినోడు
పైన చెప్పింది నిజం. కొవ్వు నిప్పుల మీద పడి కాలినప్పుడు పుట్టే పొగలోనే బెంజోపైరీన్ వంటి హానికర పదార్థాలు ఉంటాయి. ఆ పొగే తిరిగి మాంసానికి అంటుకుంటుంది. మనకు నచ్చే ఆ బొగ్గుల వాసనలో ఎక్కువ భాగం కూడా ఈ కొవ్వు పొగదే. బొగ్గులోని ఆవిరయ్యే పదార్థాలు బొగ్గు చేసేటప్పుడే పోతాయి కాబట్టి దానికంటూ ప్రత్యేకమైన రుచి పెద్దగా మిగలదు. మూత ఓవెన్లోనూ కొవ్వు నిప్పు మీదే పడుతుంది, కాబట్టి మాంసం వరకు రుచి పోతుందన్న భయం అక్కర్లేదు. నేనైతే సంతకం పెడతాను. కళ్లెదుట నిప్పు కనబడాలన్న ముచ్చట కోసం పసిపిల్ల ఊపిరితో ఆడుకోవడం తప్పు.

వాల్స్‌దారిలో
మాంసం సంగతి ఒప్పుకుంటాను. కల్సోట్ల దగ్గర మాత్రం ఆగండి.

తారగోనా జిల్లాలో వాల్స్ అనే ఊరు వీటి పుట్టిల్లు. యూరప్ లెక్కలో భౌగోళిక గుర్తింపు ఉన్న పంట. ఉల్లిగడ్డను రెండోసారి నాటి, మొలకలు పెరిగేకొద్దీ చుట్టూ మట్టి ఎగదోస్తారు, అందుకే తెల్లటి కాడ జానెడు పొడుగు వస్తుంది. సరిగ్గా చలికాలంలో, ద్రాక్షతోటల్లో కొమ్మలు కత్తిరించే రోజుల్లోనే తవ్వకానికి వస్తాయి. ఆ ఎండు ద్రాక్షపుల్లలతోనే మంట వేస్తారు. నిప్పులు కావు, మంటే కావాలి, పెద్దగా, ఎగసేది. పైపొర పూర్తిగా బొగ్గయ్యేదాకా కాల్చి, పాత న్యూస్‌పేపర్లో చుట్టి పక్కన పెడతారు. లోపలి కాడ తన తడితోనే ఉడుకుతుంది. ఇంటి పెంకు మీద పెట్టి తెస్తారు. నల్ల తొడుగు పట్టుకుని కింది నుంచి లాగితే తెల్లగా, జారుతూ బయటికొస్తుంది. బాదం, హేజల్‌నట్, కాల్చిన టమాటా, వెల్లుల్లి, ఎండు మిరప గుజ్జు కలిపి నూరిన సాస్‌లో ముంచి, తల పైకెత్తి నోట్లోకి దించుకోవాలి. మెడలో గుడ్డ కట్టుకోకపోతే చొక్కా మీద ఆశ వదులుకోవాల్సిందే.

జనవరి ఆఖరి ఆదివారం వాల్స్‌లో జరిగే పండగ చూశాను. వీధిలోనే మంటలు. ఓవెన్లో పెట్టి చేసినవీ తిన్నాను, మెత్తబడిన ఉల్లిపాయలు, అంతే.

పైఅంతస్తు
అయితే వాల్స్ వెళ్లి తినండి, ఆరుబయట చేసుకోండి. ఎవరు కాదన్నారు? నాలుగంతస్తుల భవనం కింద ద్రాక్షపుల్లల మంటేమిటి?

వాల్స్‌దారిలో
ఆరుబయట అంత తేలిక కాదండీ. మార్చి 15 నుంచి అక్టోబర్ 15 దాకా కాటలోనియా అడవుల్లో, వాటి చుట్టూ 500 మీటర్ల లోపు అనుమతి లేకుండా నిప్పు ముట్టించకూడదు. కార్చిచ్చుల భయం, అది న్యాయమైనదే. కారు లేనివాడికి, తోట ఉన్న చుట్టం లేనివాడికి నిప్పు మీద వండిన భోజనం దొరికేది పేట హోటల్లోనే. ముసలివాళ్లు మధ్యాహ్నం రెండింటికి వచ్చి బ్రెడ్ ముక్క తామే కాల్చుకుని, టమాటా రుద్దుకుని తినే చోటు అది.

కూరగాయలే
శాకాహారుల తరఫున ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను. ఇలాంటి కాటలాన్ హోటళ్లలో మాకు ఆ బొగ్గుల పొయ్యే దిక్కు. ఎస్కలివాడ అని వంకాయ, ఎర్ర క్యాప్సికం, ఉల్లిపాయ అలాగే నిప్పుల్లో పెట్టి తోలు నల్లబడేదాకా కాలుస్తారు. మనింట్లో కాల్చిన వంకాయను చింతపండు, పచ్చిమిర్చితో మెదిపి పచ్చడి చేస్తాం, వీళ్లు మెదపరు. తోలు తీసి చేత్తో పొడుగ్గా చీల్చి, ఆలివ్ నూనె, ఉప్పు వేసి ఊరుకుంటారు. అందుకే కాల్పు ఎక్కడ తప్పినా వెంటనే తెలిసిపోతుంది, దాచడానికి ఏ పులుపూ లేదు. చలికాలంలో ఊరి పక్కన ఎల్ ప్రాత్ వైపు పండే ఆర్టిచోక్‌లు, రేకుల మీద రేకులున్న మొగ్గలాంటి కూరగాయ, అవి కూడా అంతే, బయటి రేకులు మాడి గుండె మెత్తగా ఉండాలి. కరెంటు గ్రిల్ మీద వంకాయ వాడిపోతుంది గానీ కాలదు.

పైఅంతస్తు గారూ, కూరగాయల్లో కారే కొవ్వు లేదు. మీ ఇంట్లోకొచ్చే ఆ కొవ్వు వాసన మా వంకాయది కాదు.

కొత్తగా వెళ్లేవాళ్లకు ఒక మాట. ఎస్కలివాడ మీద చాలాచోట్ల ఆంకోవీ చేపలు పెడతారు. తెల్ల చిక్కుళ్లు కూడా చాలాసార్లు పంది కొవ్వులో వేయిస్తారు. జాలీ మాంసానికీ కూరకూ ఒకటే అయితే ముందే అడగండి. మర్యాదగా అడిగితే విడిగా చేసిస్తారు, నాకు ఎవరూ కాదనలేదు.

సాంట్స్‌వాసి
అందరికీ థ్యాంక్స్. రెండు విషయాలు తేలాయి. గొడవ నిప్పుతో కాదు, కారే కొవ్వుతో, గొట్టంతో. మా హోటల్ గొట్టం కూడా లోపలి ఖాళీలోకే ఉంది, నిన్న మేడెక్కి చూశాను. మొదటి అంతస్తు దాటి పైకి లేదు. దాన్ని కప్పు మీదికి తేవాలంటే భవనంలో ఇళ్లున్న యజమానుల సంఘం ఒప్పుకోవాలి. ఓనరు అడిగాడట, సంఘంలో గోడ పాడవుతుందని వద్దన్నారట! పొగ వద్దనేదీ వాళ్లే, గొట్టం వద్దనేదీ వాళ్లేనా? ఇది నాకు కోపం తెప్పించింది.

సంతకం పెట్టలేదు. వేరే కాగితం రాస్తున్నాను: గొట్టం కప్పు దాటాలి, మాంసం మూత ఓవెన్లోకి మారాలి, కూరగాయలూ కల్సోట్లూ ఇప్పుడున్న మూతలేని పొయ్యి మీదే ఉండాలి.

నిప్పుదగ్గర
బుటిఫర్రాను ఓవెన్లకు పంపుడు నాకు ఇష్టం లేదు అన్నా. పల్చ నిప్పు మీద నిమ్మలంగ తిప్పుకుంట కాలిస్తె పొగ రాదు, గది చేతి పని. గొట్టం ముచ్చట మాత్రం గట్టిగ రాయి. లోపల జాలీ వడగట్టులు ఉంటయి, నూనె పట్టి మూసుకపోతయి, అవి ఎన్నడు కడుగుతున్నరో అడుగు. పొగ ఎనుకకు మళ్లేది ఆడనే.

పైఅంతస్తు
ఆ కాగితంలో ఇంకోటి చేర్చండి: గొట్టం పూర్తయ్యేదాకా రాత్రి పూట మాంసానికి పొయ్యి వెలిగించకూడదు, మధ్యాహ్నం మాత్రమే. అది ఉంటే మా వీధిలో కూడా ఇదే కాగితం తిప్పుతాను. లేకపోతే నా సంతకం ఆ మొదటిదాని మీదే.