పాములకిరవైనా, పాములకెరవైనా?

మొన్న ఆదివారం పొద్దున భీమిలి ఒడ్డున తడి ఇసకలో ఓ సన్యాసి పీత కనపడింది, నా చిటికెన వేలి గోరంత కూడా లేదు, ఏ నత్తదో గుల్ల వీపునేసుకుని పరిగెడుతోంది. ఫొటో కింద సుమతి పద్యం పెడదామని "చీమలు పెట్టిన పుట్టలు పాముల" దాకా టైప్ చేసి ఆగిపోయా. మా నాయనమ్మ "పాములకెరవైన యట్లు" అని చదివినట్టే గుర్తు, పుస్తకాల్లో చూస్తే ఇరవైన. ఏది సరి? అలాగే ఈ పీత ఏ జాతో తెలిస్తే చెప్పండి, ఎడమ డెక్క బాగా పెద్దది.

— ఇరవే. ఇరవు అంటే తావు. చీమలు కట్టింది పాములకి నెలవైంది, పామరుడు దాచింది రాజుల పాలైంది. అంతే కదా.

— అంత తేలిక కాదు మాస్టారూ. కిరవై అన్నా కెరవై అన్నా గణం మారదు, యతి పా-పాకి, ప్రాస మకారానికి, ఈ అక్షరాన్ని ఏదీ కాపాడట్లేదు. నోటి మీద నడిచిన పద్యంలో ఇలాంటి చోటే జారుతుంది.

— ఎరవు అంటే మళ్ళీ ఇచ్చేది అక్కా. పాము పుట్టని ఎప్పుడు తిరిగిచ్చింది? పైగా బద్దెనకి ఆ అర్థం కావాల్సినప్పుడల్లా అప్పు అనే అన్నాడు. అప్పిచ్చువాడు వైద్యుడు, అప్పుగొని సేయు విభవము.

— అప్పు వేరు, ఎరవు వేరు. డబ్బు అప్పు తెస్తాం, పెళ్ళికి నగ ఎరవు తెస్తాం. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నది నగల గురించే. మూడో పాదంలో హేమంబు ఊరికే రాలేదని నా గట్టి నమ్మకం, ఎరవుకీ బంగారానికీ అక్కడ ముడి ఉంది.

— సుమతి బద్దెనదే అని అంత ధీమాగా ఎలా అంటున్నారు? నీతిశాస్త్రముక్తావళి ఆయనదంటే ఒప్పుకుంటా, అది ముందు చదివి ఆ పలుకుబడి వీటిలో ఉందో లేదో చూడండి. నాకైతే ముక్తావళి కందాలే ఎక్కువిష్టం, ఏళ్ళుగా చెప్తున్నా ఎవరూ తెరవరు.

— పీత సంగతి ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నేను చెప్తా, జువాలజీ వాణ్ణి. ముందు గుల్లని మర్చిపోండి, అది చచ్చిన నత్తది, దాన్నిబట్టి పీత జాతి చెప్పలేం, ఒకే జాతి పీతలు నాలుగు రకాల గుల్లల్లో దొరుకుతాయి. డెక్కలు చూడాలి. రెండూ దాదాపు సమానమైతే క్లిబనేరియస్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అనుకోవచ్చు, ఎడమది బాగా పెద్దదై తడి ఇసకలో ఉందంటే డయోజినిస్ అవ్వొచ్చు. ఖాయం చేసుకోవాలంటే రెండు కళ్ళకాడల మధ్య కదిలే చిన్న ముల్లు ఉందేమో లెన్సుతో చూడండి, అది డయోజినిస్ గుర్తు. ఆ తర్వాత జాతి తేల్చడానికి డెక్క మీది ముళ్ళ వరసలూ మీసాల మీది నూగూ కావాలి, రంగొక్కటే చాలదు.

— డయోజినిస్ అంటే జాడీలో కాపురమున్న గ్రీకు తత్వవేత్త కదా! 1851లో అమెరికా శాస్త్రవేత్త డేనా ఆ పేరు పెట్టాడు.

— అవును, అండమాన్ ఒడ్డున నేల మీద తిరిగేది సీనోబైటా, అంటే మఠంలో పదిమందితో కలిసుండే సన్యాసి. మన పాఠ్యపుస్తకాల్లో సన్యాసి పీత అనే పేరు మాత్రం నాకు ఎప్పుడూ నచ్చలేదు, ఇల్లు వదిలినవాడు సన్యాసి, ఇది ఇల్లు వదిలితే బతకదు, పొట్ట వెనక భాగమంతా మెత్తన. గుల్లపీత అందాం.

— గుల్ల ఎండ్రకాయ అనండి, మా వైపు పీత అనరు.

— ఎరవు పక్షం వాళ్ళకి ఒక మాట. పెద్ద గుల్ల ఖాళీగా దొరికితే పీతలు సైజు వరసలో నిలబడి ఒకటి వదిలింది ఇంకోటి ఎక్కుతాయి. ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు, తిరిగివ్వాల్సిందీ లేదు. అది ఇరవే.

— వదిలేసి ఇంకొకరికి అందిస్తోందంటే అదే ఎరవు కదండీ!

— ఫొటోలో కళ్ళ మధ్య మసగ్గా ఉంది, వచ్చే ఆదివారం లెన్స్ పట్టుకెళ్తా. ఫొటో కింద మా నాయనమ్మ పాఠమే పెట్టేశా.

— దయచేసి తీసెయ్యండి, పిల్లలు అదే కంఠతా పడతారు. ఆవిడ ఏ ఊరావిడ? ఆ వైపు ఇకారం ఎకారంగా పలుకుతారేమో ముందు అది చెప్పండి.