పెట్రోలు ట్యాంకర్ డ్రైవరుకు నెల జీతం మేలా, ట్రిప్పు లెక్క మేలా?

నందిగామ వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు చాలా ఏళ్లుగా సరుకు లారీ నడుపుతున్నాడు. ఈ మధ్య ప్రమాదకర సరుకుల రవాణా శిక్షణ పూర్తి చేసి, లైసెన్సు మీద ఆ నమోదు కూడా చేయించుకున్నాడు. కొండపల్లి డిపోల నుంచి బంకులకు పెట్రోలు, డీజిల్ తోలే ఇద్దరు ట్రాన్స్‌పోర్టర్లు వాణ్ని పనికి పిలిచారు. మొదటివారు నెలకు 15,000 రూపాయల జీతం, దానిపైన ట్రిప్పుకు 300 రూపాయల బత్తా ఇస్తామంటున్నారు. రెండోవారు జీతం లేకుండా ట్రిప్పుకు 1,000 రూపాయలు ఇస్తామనీ, షార్టేజీ (బంకులో దించేటప్పుడు సరుకు తక్కువ తేలడం) వస్తే మాత్రం డ్రైవరే కట్టుకోవాలనీ నోటిమాటగా చెప్పారు. రెండోదానిలోనే ఎక్కువ మిగులుతుందని వాడి ఆశ. ఆయిల్ కంపెనీ ఇచ్చే డబ్బు ఏ లెక్కన వస్తుందో, అందులో డ్రైవరుకు ఏ దారిన చేరుతుందో, డిపో ముందు లోడు కోసం కూర్చున్న గంటలకు ఎవరు కడతారో తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

చర్లపల్లి ట్రాన్స్‌పోర్టర్

ముందుగా డబ్బు వచ్చే దారి చెబుతాను. ఆయిల్ కంపెనీలు రవాణాను టెండరు మీద ఇస్తాయి, కిరాయిని కిలోలీటరుకు, కిలోమీటరుకు ఇంత అని కడతాయి. కిలోలీటరు అంటే వెయ్యి లీటర్లు. డిపో నుంచి బంకుకు వెళ్లి, ఖాళీ బండితో తిరిగి వచ్చే దూరమంతా ఆ లెక్కలోకి వస్తుంది. డీజిల్ ధర మారినప్పుడు కిరాయి రేటును సవరించే నిబంధన కూడా ఒప్పందాల్లో ఉంటుంది. డ్రైవరు కూలిని అలా సవరించే నిబంధనను నేను ఎక్కడా చూడలేదు. అది పూర్తిగా ఓనరుకూ డ్రైవరుకూ మధ్య కుదిరే మాట. అందుకే ఒకే డిపోలో, ఒకే దూరానికి తిరిగే రెండు బండ్ల డ్రైవర్లకు కూలి వేరువేరుగా ఉంటుంది. కొందరు బంకు డీలర్లు సొంత ట్యాంకర్లు పెట్టుకుంటారు. అక్కడ డ్రైవరు బంకు మనిషిగానే నెల జీతం తీసుకుంటాడు.

మీ తమ్ముడి రెండు బేరాలకూ తేడా ట్రిప్పుకు 700 రూపాయలు కాబట్టి, నెలకు 21 ట్రిప్పులు పడితే మొదటి చోట 21,300, రెండో చోట 21,000 వస్తాయి. 22వ ట్రిప్పుతో రెండో బేరం 400 రూపాయలు ముందుకు వెళుతుంది. అక్కడి నుంచి ప్రతి ట్రిప్పుకూ తేడా పెరుగుతూ పోతుంది. అయితే నెలకు 22 ట్రిప్పులు పడతాయా లేదా అన్నది డ్రైవరు కష్టం మీద ఆధారపడేది కాదు. విజయవాడ ఊళ్లోని బంకులకైతే రోజుకు రెండు లోడ్లు తోలవచ్చు. ఖమ్మం వైపు వెళితే ఒక్క లోడుకే రోజు గడిచిపోతుంది. ఏ బండి ఏ బంకుకు వెళ్లాలో డ్రైవరు ఎంచుకోలేడు.

డీలరు డబ్బు కట్టి ఇండెంటు (సరుకు ఆర్డరు) పెడితేనే లోడు పుడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 2021 నవంబరులోనూ 2022 మే నెలలోనూ కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పుడు, ట్యాంకుల నిండా పాత ధర సరుకు ఉన్న డీలర్లు బాగా నష్టపోయారు. అప్పటినుంచి ధర తగ్గుతుందన్న వార్త వినిపిస్తే చాలు, ఇండెంట్లు ఆపేసి చూసే డీలర్లు ఉన్నారు. ఆ రోజుల్లో బండ్లు ఆగిపోతాయి. వరికోతల కాలంలో హార్వెస్టర్లు తిరిగేటప్పుడు డీజిల్ లోడ్లు మళ్లీ ఊపందుకుంటాయి. ట్రిప్పు కూలి మీద బతికేవాడు ఈ ఎత్తుపల్లాలన్నీ మోయాలి. నేను ఓనరునే అయినా, ఆ భారం డ్రైవరు మీద పెట్టడం న్యాయమని చెప్పలేను.

మాజీ ట్యాంకర్ డ్రైవరు

పైవారు చెప్పిన లెక్క సరైనదే. దానికి నేను రెండు విషయాలు జోడించాలి. మొదటిది షార్టేజీ, ఎందుకంటే మీ రెండో బేరంలో అసలు ప్రమాదం దాని దగ్గరే ఉంది.

పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది, చల్లబడితే కుంచించుకుపోతుంది. ఒక్క డిగ్రీ తేడాకు పరిమాణం సుమారు 0.1 శాతం మారుతుంది, డీజిల్‌కు కొంచెం తక్కువ. మిట్టమధ్యాహ్నం 12,000 లీటర్ల పెట్రోలు లోడు చేసుకుని, రాత్రంతా దారిలో ఆగి, తెల్లవారుజామున బంకులో డిప్ కొట్టేసరికి (కొలకర్రతో సరుకు మట్టం కొలిచేసరికి) సరుకు 5 డిగ్రీలు చల్లబడిందనుకోండి, 60 లీటర్ల వరకు తక్కువ కనిపిస్తుంది. అందులో ఒక్క చుక్కను కూడా డ్రైవరు తీయలేదు. సీళ్లు అలాగే ఉంటాయి, తాళం అలాగే ఉంటుంది. అయినా 60 లీటర్ల ధర కట్టమంటే ఆరు ట్రిప్పుల కూలి ఒక్కసారిగా పోయినట్లే. కాబట్టి డిపోలో చలానా మీద రాసిన ఉష్ణోగ్రతనూ సాంద్రతనూ చదవకుండా గేటు దాటవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. బంకులో డెలివరీకి ముందు మళ్లీ రెండూ కొలిపించి, 15 డిగ్రీల లెక్కకు మార్చిన సాంద్రత చలానాలోని అంకెకు క్యూబిక్ మీటరుకు 3 కిలోలకు మించి తేడా లేదని డీలరు చేత రాయించుకోవాలి. కల్తీ ఆరోపణ వచ్చినా, షార్టేజీ పేచీ వచ్చినా ఆ కాగితమే నిలబడుతుంది.

రెండోది డీజిల్ పొదుపు. కొందరు ఓనర్లు బండికి ఇంత మైలేజీ రావాలని డీజిల్ కొలిచి ఇస్తారు. మిగిలితే డ్రైవరుది, తగ్గితే డ్రైవరు జేబులోంచి పోతుంది. ఈ పద్ధతి పైకి మంచిదిగానే కనిపిస్తుంది. కానీ నాలుగు లీటర్లు మిగుల్చుకోవడం కోసం ఘాట్లలో బండిని న్యూట్రల్‌లో దించే వారిని నేను చూశాను. ఛాంబర్లలో (ట్యాంకు లోపలి అరల్లో) పెట్రోలు ఊగుతున్న బండికి బ్రేకుల మీదే మొత్తం భారం వేయడం ఎంత ప్రమాదమో డ్రైవర్లందరికీ తెలుసు. ఇలాంటి కూలి లెక్క మనిషిని తెలిసి తెలిసి ఆ పనికి నెడుతుంది. ఓనరు ఇంకో రెండు వందలు బత్తా పెంచి, డీజిల్ లెక్క తన దగ్గరే ఉంచుకోవడం ఇద్దరికీ క్షేమం.

2024 జనవరి మొదట్లో ట్యాంకర్ డ్రైవర్లు బండ్లు ఆపినప్పుడు హైదరాబాదు బంకుల ముందు కట్టిన బారులు అందరికీ గుర్తుండే ఉంటాయి. ప్రాణం తీసిన ప్రమాదం చేసి, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు భారతీయ న్యాయ సంహిత పెట్టిన పదేళ్ల వరకు శిక్ష గురించే ఆ ఆందోళన జరిగింది. కూలి గురించి అంత చర్చ ఒక్కరోజు కూడా జరగలేదన్నది నా బాధ.

కార్మిక చట్టాల పాఠకురాలు

డిపో ముందు కూర్చున్న గంటల ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది. దూరప్రయాణాల వంటి సందర్భాల్లో దాన్ని 10 గంటలు, 54 గంటల వరకు పొడిగించడానికి వీలు ఇచ్చింది. యజమాని చెప్పుచేతల్లో ఉన్న సమయమంతా పని గంటలేనని నిర్వచించి, టెర్మినల్ (బండి బయలుదేరే, చేరే చోటు) దగ్గర ఊరకే హాజరుగా ఉండే సమయం పావుగంటలోపు అయితే అది కూడా అందులో చేరుతుందని ప్రత్యేకంగా చెప్పింది. పావుగంట దాటిన నిరీక్షణ మాటేమిటన్న దగ్గరే పేచీ. నా అభిప్రాయంలో ట్యాంకర్ డ్రైవరు డిపోలో ఊరకే ఉండడు. వరుసలో బండి జరుపుతూ, తనిఖీ చేయించుకుంటూ, పేరు పిలిచిన క్షణాన కదలడానికి సిద్ధంగా ఉంటాడు కాబట్టి అది పని గంటే. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. కూలి విషయాలన్నీ వేతనాల కోడ్ కిందకు చేరాయి.

వేతనాల కోడ్‌లో మీ తమ్ముడికి పనికివచ్చేవి ముఖ్యంగా రెండు. కనీస వేతనం రోజు లెక్కన నిర్ణయమైన కార్మికుడు పనికి సిద్ధంగా ఉన్నా యజమాని పూర్తి గంటల పని చూపించలేకపోతే, ఆ రోజుకు పూర్తి వేతనం ఇవ్వాలి. ట్రిప్పు కూలి అనే పేరు పెట్టినంత మాత్రాన కనీస వేతనం బాధ్యత తీరిపోదు. ఇక షార్టేజీ కింద కోత పెట్టాలంటే, డ్రైవరుకు అప్పగించిన సరుకుకు నష్టం అతని నిర్లక్ష్యం వల్లే నేరుగా జరిగి ఉండాలి, కోతకు ముందు అతని సంజాయిషీ వినాలి, కోత నష్టాన్ని మించకూడదు. అంతకుముందున్న 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ ఇదే సూత్రం ఉండేది. చల్లదనానికి తగ్గిన లీటర్లను నిర్లక్ష్యం అనలేరు. "షార్టేజీ ఎంతైనా డ్రైవరుదే" అన్న నోటిమాటకు చట్టంలో చోటు లేదు.

నందిగామ వాసి

అందరికీ ధన్యవాదాలు. మొదటి బేరం వైపే మొగ్గుతున్నాము. పీఎఫ్ సంగతి కూడా అడగమంటారా?

చర్లపల్లి ట్రాన్స్‌పోర్టర్

తప్పకుండా అడగండి. 20 మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థ అయితే పీఎఫ్ కట్టాలి. 15,000 జీతం మీద 12 శాతం లెక్కన ఓనరు వాటా 1,800, మీ తమ్ముడి వాటా 1,800 అవుతుంది. ఆయన వాటాను కూడా మీ తమ్ముడి జీతంలోంచే కోయకుండా చూసుకోండి. జీతం, బత్తా, షార్టేజీ పద్ధతి, లోడు దొరకని రోజు సంగతి ఒక కాగితం మీద రాయించుకుని, చేరే ముందే ఆయన సంతకం తీసుకోమని చెప్పండి.