గొబ్బి వరసలో వర్గ సమీకరణం: పండుగ పాటలతో లెక్కల సూత్రాలు నేర్పవచ్చా?

పాతపట్నం లెక్కల మాస్టారు:
పోయిన సంక్రాంతి సెలవుల ముందు మా పదో తరగతి పిల్లలకు వర్గ సమీకరణ సూత్రాన్ని గొబ్బిపాట వరసలో కట్టి నేర్పాను. "మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, మూలం లోపల బి వర్గం, నాలుగు ఎసి తీసివేసి, రెండు ఎ కింద వేసి" అంటూ చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరిగారు. నెల తరువాత అడిగితే ఒక్కరూ తడబడలేదు. అమెరికా బడుల్లో ఇదే సూత్రాన్ని పిల్లల పాటల వరసల్లో పాడిస్తారు. మనకు గొబ్బిపాటలు, తప్పెటగుళ్ళు ఉండగా ఎందుకు వాడుకోకూడదు?

పలాస జీడితోట:
మంచి పని మాస్టారూ. పాడుతూ నేర్చిన ఎక్కాలే నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

నాగావళి ఒడ్డు:
"రెండు ఎ కింద వేసి" అన్నారు. దేని కింద? నేను ట్యూషన్ చెబుతాను. ఇలాంటి పాటే నేర్చుకొని వచ్చిన కుర్రవాడికి ఎక్స్ వర్గం మైనస్ 5 ఎక్స్ ప్లస్ 6 సున్నాకు సమానం అని ఇచ్చాను. వాడు 2తో వర్గమూలాన్ని మాత్రమే భాగించి, అయిదున్నర, నాలుగున్నర అని రాశాడు. రావలసినవి 3, 2. భాగహారపు అడ్డగీత ఎంత దూరం సాగుతుందో పాటలో వినబడదు.

పాతపట్నం లెక్కల మాస్టారు:
"మొత్తం కింద" అని మారిస్తే సరిపోతుంది. ఒక్క మాట కోసం పద్ధతినే తప్పుపడతారా?

బొబ్బిలి వీణ:
"మొత్తం" చేరిస్తే చప్పట్టు తప్పుతుందండీ. పాడి చూశాను.

నాగావళి ఒడ్డు:
ఆ ఒక్క మాటలోనే లెక్క ఉంది. నాకు చిన్నప్పుడు అన్నీ పాటల్లాగే వల్లె వేయించారు, తప్పితే బెత్తం. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఇంటర్‌లో లెక్కలు తప్పాను, ఇంజినీరింగు ఆశ అక్కడే పోయింది. ఎక్స్ ఉన్న భాగాన్ని పూర్తి వర్గంగా మార్చి ఆ సూత్రాన్ని రాబట్టడం ఒక్క పూట పని. అది చూసినవాడికి పాట అక్కరలేదు.

పాతపట్నం లెక్కల మాస్టారు:
పావులూరి మల్లన గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పి దాదాపు 900 ఏళ్ళు అయింది. ఆయన కూడా తప్పేనా?

నాగావళి ఒడ్డు:
మల్లన పద్యాల్లో సూత్రంతో పాటు చేయవలసిన లెక్క కూడా ఉంది. మీ పాటలో అదే లేదు.

రాజాం తల్లి:
మీ అడ్డగీత సంగతి నాకు తెలియదు. మా అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. అక్కడా ఇలాంటి పాటే నేర్పారు. భోగి నాడు వాకిట్లో గొబ్బెమ్మల చుట్టూ అదే అందుకుంది. నాకు నచ్చలేదు.

పాతపట్నం లెక్కల మాస్టారు:
అమ్మా, మార్చిలో పరీక్షలు. మీ అమ్మాయికి మార్కులు వద్దా?

రాజాం తల్లి:
ఆ మాట మీరు అనకూడదు మాస్టారూ. మార్కుల కోసమే కదా పిల్లను ఏడాదంతా దూరంగా ఉంచాను! ఇంటికి వచ్చేది నాలుగు రోజులు. మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆవిడ రెండో చరణం ఎత్తుకోబోతుంటే పిల్లలందరూ "మైనస్ బి" అన్నారు. ఆవిడ ఆగిపోయి, పువ్వుల పళ్ళెం పట్టుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చరణం ఏ పుస్తకంలోనూ లేదు, ఆవిడ నోట ఉంది. నాకు మొదటి రెండు పంక్తులే వచ్చు. సూత్రం చెప్పడానికి మీకు బడి ఉంది, నల్లబల్ల ఉంది. ఈ పాటకు ఆ వాకిలి ఒక్కటే ఉంది.

పలాస జీడితోట:
ఇది నేను ఆలోచించలేదు.

పాతపట్నం లెక్కల మాస్టారు:
మీ బాధ అర్థమైంది. నాదీ వినండి. మా పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు చెన్నైలోనో హైదరాబాదులోనో భవనాల పనుల్లో ఉన్నారు. ట్యూషన్ లేదు. ఇంట్లో అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు. పదిలో లెక్కలు పోతే ఆ పిల్లవాడు మరుసటి నెలలో అదే రైలు ఎక్కుతాడు. ఎక్కించి వచ్చినవాణ్ణి నేను. వాళ్ళ నోట అప్పటికే ఉన్న వరస గొబ్బి ఒక్కటే, దాన్నే పట్టుకున్నాను. ఈ ఏడూ పాడిస్తాను.

నాగావళి ఒడ్డు:
పాడించండి. ముందు ఒక్క పూట అడ్డగీత ఎక్కడి నుంచి వచ్చిందో చూపించండి.

పాతపట్నం లెక్కల మాస్టారు:
చూపిస్తాను.

రాజాం తల్లి:
బడిలో పాడించుకోండి మాస్టారూ. భోగి నాడు మా వాకిట్లో మాత్రం పాడనివ్వను. ఈసారి ఆవిడ పక్కన కూర్చుని రెండో చరణం రాసుకుంటాను.