రొయ్యల చెరువు అలారానికి ఫజ్జీ లాజిక్: హద్దులు ఎలా పెట్టాలి?

చెరువుగట్టు:
భీమవరం దగ్గర మా నాన్న వెనామీ రొయ్యల చెరువులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకి మిల్లీగ్రాముల్లో), పీహెచ్, ఉష్ణోగ్రత సెన్సార్లు పెట్టాను. డీఓ 4 కంటే తగ్గితే ఫోన్ మోగుతుంది. తెల్లవారుజామున రీడింగ్ 3.9, 4.1 మధ్య ఊగుతుంటే మోత ఆగదు. విసుగొచ్చి నాన్న ఫోన్ సైలెంట్‌లో పెట్టేశారు. నాకు టెన్షన్‌గా ఉంది. అవును-కాదు అని కాకుండా 'ఎంత మేరకు' అని 0 నుంచి 1 దాకా లెక్కగట్టే ఫజ్జీ లాజిక్ పనికొస్తుందా?

బట్టీ_ఆపరేటర్:
తమ్ముడూ, ఆ మోత ఒక్కటే సమస్యైతే ఫజ్జీ అక్కర్లేదు. 4 దగ్గర మోగి, 4.5 దాటాకే ఆగేలా రాయి, చాలు. ఫజ్జీ అసలు పని వేరే.

నేను సిమెంట్ కిల్న్ (బట్టీ) నడిపేవాణ్ణి. లోపల 1450 డిగ్రీల వేడి, కళ్లకు అడ్డంగా దుమ్ము. ఏ ఒక్క రీడింగునీ నమ్మలేం. కిల్న్ మోటారు లాగే కరెంటు, పొగలో ఆక్సిజన్, క్లింకర్‌లో (కాలి బయటికొచ్చే సిమెంట్ గడ్డల్లో) కలవకుండా మిగిలిన సున్నం, అన్నీ కలిపి చూసి బొగ్గు పెంచాలా తగ్గించాలా అని తేల్చుకునేవాళ్లం. 1965లో లోత్ఫీ జాదే అనే శాస్త్రవేత్త ఫజ్జీ లాజిక్‌కి మూలమైన ఫజ్జీ సెట్ల సిద్ధాంతం ఇచ్చారు. 1970ల్లో మమ్దానీ, అసిలియన్ అనే పరిశోధకులు లండన్‌లో దాంతో చిన్న ఆవిరి ఇంజన్ నడిపి చూపించారు. ఆ తర్వాత డెన్మార్క్‌కి చెందిన ఎఫ్.ఎల్. స్మిత్ సంస్థ దాన్ని కిల్న్‌కి తెచ్చింది. ఆపరేటర్ బుర్రలోని లెక్కనే రూల్స్‌గా రాశారు. నీ చెరువుకీ అదే కావాలి.

ఉదాహరణకి, డీఓ 3 దగ్గర 'తక్కువ' విలువ 1, 5 దగ్గర 0 అనుకో. 3.4 వస్తే 0.8. డీఓ గంటకి ఎంత పడిపోతోందో చూస్తే 'వేగంగా తగ్గుతోంది' 0.6 వచ్చిందనుకో. 'తక్కువ, పైగా వేగంగా తగ్గుతోంది' అనే రూల్ బలం రెండింటిలో చిన్నది, అంటే 0.6. ఆ బలాన్ని బట్టి ఎన్ని ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయాలో తేలుతుంది. రాత్రి ఒంటిగంటకి 3.4 అంటే ఇంకా తగ్గేది, ఎండెక్కుతుండగా 3.4 అంటే ఇక పెరిగేది. ఈ తేడా మీ నాన్నకి తెలుసు, నీ 4కి తెలియదు.

గోదారిగట్టు:
పీహెచ్‌కి విడిగా అలారం పెట్టకండి. మొత్తం అమ్మోనియా అంతే ఉన్నా, పీహెచ్ 8 నుంచి 9కి వెళితే అందులో విషంగా మారే భాగం చాలా రెట్లు పెరుగుతుంది. రెండూ ఒకే రూల్‌లో ఉండాలి. డీఓ ప్రోబ్ (నీళ్లలో ఉండే సెన్సార్ కొన) మీద పాచి పట్టినా రీడింగ్ తప్పుతుంది.

చెరువుగట్టు:
అన్నా, మరి ఆ 3, 5 హద్దులు ఎవరు చెప్పాలి? డేటా నుంచి నేర్పించొద్దా?

బట్టీ_ఆపరేటర్:
ముందు నాన్ననే అడుగు. రీడింగ్ చూపించకుండా 'ఇప్పుడు ఏరేటర్ వేస్తారా?' అని అడిగి, ఆయన జవాబునీ అప్పటి డీఓనీ పక్కపక్కన రాసుకో. అవునో కాదో తేల్చుకోలేక ఆయన తటపటాయించే చోటే నీ హద్దు ఏటవాలుగా ఉండాలి. డేటా పోగయ్యాక సర్దుకో. డీఓ 2.5కి పడితే మాత్రం రూల్స్ ఏం చెప్పినా అన్ని ఏరేటర్లూ తిరగాలి, ఫోన్ మోగాలి. దాన్ని ఫజ్జీకి బయటే, విడిగా రాయి. ప్రోబ్ ఎప్పుడు తుడిచారో కూడా ఒక ఇన్‌పుట్‌గా పెట్టు. తుడిచి చాలా రోజులైతే రూల్ బలం తగ్గించి, 'ప్రోబ్ చూడండి' అని మెసేజ్ పంపేలా చెయ్యి.