పెచ్చులూడే పాత శ్లాబు: పడగొట్టాలా, బాగుచేయించాలా?

కొర్లగుంట:
మా నాన్న 1994లో కట్టించిన ఇల్లు. వంటింటి శ్లాబు కింద పెచ్చులూడి కమ్మీలు కనబడుతున్నాయి. మేస్త్రీ సిమెంటు పూస్తే చాలంటున్నాడు, బాబాయి మొత్తం పడగొట్టమంటున్నాడు. అమ్మ ఆ ఇంట్లోనే ఉంటుంది. ఏం చేయమంటారు?

రేణిగుంట:
పడగొట్టేయ్ తమ్ముడూ. మా మేనత్త వాళ్లు ఇట్లే మాసికలు వేయించినారు. వేసిన చోటు బాగానే ఉంది, దాని పక్కనే కొత్తగా పెచ్చులు పడినాయి. పెట్టిన డబ్బంతా నీళ్లపాలు.

చంద్రగిరి:
సిమెంటు కట్టడాల సంగతే ఇంత. మా ఊరి రాజమహల్ విజయనగర రాజుల నాటిది, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సున్నం పనికి ఇది ఏ మూలకు?

సైట్ ఇంజనీర్:
చంద్రగిరి అన్నా, రాజమహల్ రాయి, ఇటుక, సున్నంతో కట్టింది, కలప కూడా వాడలేదు. కమానుల మీద పడే బరువు నొక్కుకుంటూ కిందికి దిగిపోతుంది. లోపల కమ్మీ లేదు కాబట్టి తుప్పు భయం లేదు. మన శ్లాబుకు అడుగున లాగుడును తట్టుకునేది కమ్మీయే. అది చెడితే శ్లాబు చెడినట్టే.

మంచి కాంక్రీటు పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే కొలత) 12 పైన ఉంటుంది, ఆ క్షారమే కమ్మీకి రక్ష. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగితే పీహెచ్ 9 కిందికి పడిపోతుంది. ఆపైన చెమ్మ తగిలిందా, తుప్పే. తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ జాగా తీసుకుని, కింది కాంక్రీటును తోసేస్తుంది. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కమ్మీ కింద కనీసం 20 మిల్లీమీటర్ల కవరు, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు, ఉండాలి. ఆ ఎడం కోసం కమ్మీ కింద పెట్టే బిళ్లలు పెట్టకుండా సెంట్రింగు రేకుల మీదే కమ్మీలు పరిచి పోసేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

తుప్పు మీద సిమెంటు పూయించొద్దు. లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది, మన కంటికి కనబడకుండా పోతుంది, అంతే. ముందు శ్లాబు కింద ఊతగా జాకీలు పెట్టించు. పైనుంచి నీళ్లు దిగుతుంటే అది ఆపు. తర్వాత కమ్మీ వెనక వేలు దూరేంత లోతుకు చెక్కించి, ఇనుము మెరిసేదాకా వైరు బ్రష్‌తో రుద్దించాలి. సన్నబడిన చోట కొత్త కమ్మీ జోడించి, తుప్పు పట్టకుండా పూత వేసి, పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారుతో పూడ్చాలి.

రేణిగుంట:
అవన్నీ చేయించినా మా మేనత్త వాళ్లింట్లో పక్కన ఎందుకు ఊడింది?

సైట్ ఇంజనీర్:
ఆ కాంక్రీటులో ఉప్పు ఉండొచ్చన్నా, క్షారం ఉన్నా అది కమ్మీకి తుప్పు పట్టిస్తుంది. కమ్మీలున్న కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కొన్ని బోరు నీళ్లు అంతకు మించి ఉప్పగా ఉంటాయి. ఉప్పున్న శ్లాబులో మాసిక వేస్తే, దాని అంచున పాత కాంక్రీటులో ఉన్న కమ్మీని తుప్పు ముందుకన్నా వేగంగా తినేస్తుంది. అలాంటి శ్లాబుకు మీ మాటే సరి, కొట్టేసి కొత్తది పోసుకోవాలి. అది కూడా ఆ గది వరకే, ఇల్లంతా కాదు.

కొర్లగుంట:
మాది ఏ రకమో ఎలా తెలుస్తుంది సార్?

సైట్ ఇంజనీర్:
చెక్కిన చోట అప్పటికప్పుడే ఫినాఫ్తలీన్ అనే పరీక్ష ద్రావణం చల్లించు. గులాబీ రంగు వస్తే క్షారం ఇంకా ఉంది, రాకపోతే పోయింది. ఉప్పు మాత్రం దాంతో తెలియదు, కాంక్రీటు పొడిని ల్యాబుకు ఇవ్వాలి. ఆ పొడిని కమ్మీ ఉన్న లోతు నుంచి తీయించు, పైపొరది అందులో కలపనివ్వొద్దు.

కొర్లగుంట:
సరే సార్. అమ్మను పొయ్యి వరండాలో పెట్టుకోమన్నాను. జాకీలు రేపే వస్తాయి.